కుక్క రక్తంలో సీడీ3 లేని సీడీ4 కణాలు: ఇవేంటి?

వెట్‌పీజీ: ఆరోగ్యంగా ఉన్న కుక్కల రక్తం, ఈడీటీఏ ట్యూబు. ఫ్లో సైటోమెట్రీ (రంగు యాంటీబాడీలు అంటించిన కణాల్ని లేజర్ ముందు ఒక్కొక్కటిగా పంపి కొలవడం) కోసం ఆర్‌బీసీ లైసిస్ చేసి (ఎర్రకణాల్ని పగలగొట్టి) నేరుగా స్టెయిన్ చేస్తున్నా. యాంటీబాడీలు, వాటి రంగులు, బ్రాకెట్లో క్లోన్ పేర్లు: సీడీ3 (టి కణాలన్నిటి గుర్తు) ఫిట్‌సీ (సీఏ17.2ఏ12), ఇక టి కణాల్లో రెండు రకాల గుర్తులు: సీడీ4 పీఈ (వైకేఐఎక్స్302.9), సీడీ8 అలెక్సా 647 (వైసీఏటీఈ55.9). లింఫోసైట్ గేట్ (ప్లాట్ మీద ఆ కణాల చుట్టూ గీసే హద్దు) తీసేసి చూస్తే సీడీ4 పాజిటివ్‌లో సగానికి పైగా సీడీ3 నెగెటివ్! యాంటీబాడీ పాడైందా? ఇలా ఎవరికైనా వచ్చిందా?

గేటింగ్‌పిచ్చోడు: యాంటీబాడీకి ఏం కాలేదండీ. అవి న్యూట్రోఫిల్స్ (తెల్లకణాల్లో ఇంకో రకం). కుక్క న్యూట్రోఫిల్స్ మీద సీడీ4 ఉంటుంది, మనిషి న్యూట్రోఫిల్స్ మీద ఉండదు. మనుషుల శాంపిళ్లు చేసి వచ్చినవాళ్లంతా ఇక్కడే తల పట్టుకుంటారు. ఆ సీడీ3 నెగెటివ్ కణాలని ఎఫ్‌ఎస్‌సీ-ఎస్‌ఎస్‌సీ ప్లాట్ (కణం సైజు, లోపలి గింజలదనం చూపేది) మీదికి బ్యాక్‌గేట్ చేసి, అంటే అవి అక్కడ ఎక్కడ పడతాయో చూడండి.

వెట్‌పీజీ: చేశాను సార్. ఎక్కువ శాతం ఎస్‌ఎస్‌సీలో పైనే ఉన్నాయి. కానీ కొన్ని కింద లింఫోసైట్ల గేట్‌లోనూ కనిపిస్తున్నాయి.

సైటోఅక్క: రక్తం తీసి ఎంతసేపయింది? రాత్రంతా ఉంచిన శాంపిల్ అయితే చావబోయే న్యూట్రోఫిల్స్ ఎస్‌ఎస్‌సీ తగ్గి లింఫోసైట్లలోకి జారతాయి. ఫైకాల్ (కణాల్ని సాంద్రతని బట్టి పొరలుగా విడదీసే ద్రవం) వేసినా అంతే, పాత రక్తంలోవి పీబీఎంసీ (లింఫోసైట్లు, మోనోసైట్లు ఉండే) పొరలోకి వచ్చేస్తాయి. వయబిలిటీ డై (చచ్చిన కణాల్ని చూపే రంగు) వేస్తున్నారా? వేయకపోతే ముందు అది వేయండి, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

వెట్‌పీజీ: డై వేస్తున్నా మేడమ్. ఎఫ్‌సీ బ్లాక్ (యాంటీబాడీలు తోక వైపు నుంచి ఊరికే అంటకుండా ఆపేది) కూడా, పక్క ల్యాబ్‌లో 2.4జీ2 అనే క్లోన్ ఉంటే తెచ్చి వాడుతున్నా.

గేటింగ్‌పిచ్చోడు: అది మౌస్ సీడీ16/32 కోసం చేసిన క్లోన్ బాబూ, కుక్క కణాలకి దాంతో పని లేదు. కుక్క ఐజీజీ గానీ, నార్మల్ కుక్క సీరమ్ గానీ వాడు. ఇంకోటి, మీ సీడీ3 మౌస్ యాంటీబాడీ, సీడీ4, సీడీ8 రెండూ ర్యాట్‌వి. కాంపెన్సేషన్ బీడ్స్ (ఒక రంగు ఇంకో రంగు డిటెక్టర్‌లోకి కారడాన్ని సరిచేయడానికి వాడే పూసలు) ఏవి? మౌస్ యాంటీబాడీని మాత్రమే పట్టే బీడ్స్ అయితే ర్యాట్‌వి సరిగ్గా అంటవు. పీఈ పీక్ నెగెటివ్ పక్కనే నక్కి ఉంటుంది, జనం లేజర్‌ని తిడుతుంటారు.

నోడ్‌స్లైడ్: మధ్యలో వస్తున్నా, ఏమనుకోకండి. మాది లింఫోమా (లింఫోసైట్ల క్యాన్సర్) కేసుల పని. సీడీ45 (తెల్లకణాలన్నిటి మీదా ఉండే గుర్తు) నెగెటివ్ అని కనిపించగానే చెత్త కణాలనుకుని గేట్ బయటికి తోసేయకండి. టీ-జోన్ లింఫోమాలో టి కణాలు సీడీ45ని పోగొట్టుకుంటాయి, దాన్ని పట్టించేదే ఆ గుర్తు. గోల్డెన్ రిట్రీవర్లలో ఈ జబ్బు ఎక్కువ. పైగా ఆ టి కణాలే చాలాసార్లు బి కణాల గుర్తయిన సీడీ21 కూడా చూపిస్తాయి, అంటే సీడీ21 ఒక్కటే చూస్తే బి కణాలని రిపోర్ట్ రాసేస్తారు. అందుకే టి కణాల గుర్తులైన సీడీ3 గానీ, సీడీ5 గానీ అదే ట్యూబులో ఉండాలి.

కొత్తగా_చేరా: మనిషి యాంటీబాడీలేవీ కుక్కకి పనిచేయవా మరి?

సైటోఅక్క: కొన్ని చేస్తాయి. మోనోసైట్లకి సీడీ14 టీయూకే4 మనిషిదే, చక్కగా అంటుతుంది. బి కణాల గుర్తు సీడీ79ఏకి హెచ్ఎం57 కూడా మనిషిదే, కానీ అది కణం లోపలి భాగాన్ని పడుతుంది కాబట్టి పర్మియబిలైజ్ చేయకుండా (కణం పొరకి రంధ్రాలు పెట్టకుండా) వేస్తే ఏమీ కనిపించదు. ఫాక్స్‌పీ3కి (రెగ్యులేటరీ టి కణాల గుర్తు) మౌస్ మీద చేసిన ఎఫ్‌జేకే-16ఎస్ నడుస్తుంది. పైన అంటాల్సినవన్నీ ముందు స్టెయిన్ చేసి, తర్వాతే ఫిక్స్ చేయండి, కొన్ని ఎపిటోప్‌లు (యాంటీబాడీ పట్టుకునే చోట్లు) ఫిక్సేటివ్‌కి ఆగవు. కేటలాగులో "క్రాస్ రియాక్ట్స్" అని ఉంది కదా అని మాత్రం కొనేయకండి. ఫ్లో కోసమా, స్లైడ్ల కోసమా పరీక్షించారో అడగండి.

వెట్‌పీజీ: తాజా రక్తం, కుక్క ఐజీజీ, రెండింటినీ పట్టే బీడ్స్‌తో మళ్లీ చేశా. లింఫోసైట్ గేట్‌లో ఆ సీడీ3 నెగెటివ్, సీడీ4 పాజిటివ్ గుంపు దాదాపు మాయమైంది. ఇప్పుడు సీడీ3 గేట్ వేశాకే సీడీ4, సీడీ8 చూస్తున్నా. న్యూట్రోఫిల్స్‌ని విడిగా గుర్తుపట్టడానికి ఏదైనా క్లోన్ ఉందా?

గేటింగ్‌పిచ్చోడు: సీఏడీఓ48ఏ చూడు. కుక్క గ్రాన్యులోసైట్ల (న్యూట్రోఫిల్స్ ఈ గుంపులోవే) కోసమే వాడతారు. అదీ మౌస్ యాంటీబాడీయే, కలర్ అంటించకుండా కొంటే సెకండరీ (మౌస్ యాంటీబాడీని పట్టే రంగు యాంటీబాడీ) నీ సీడీ3ని కూడా పట్టేస్తుంది. ముందు అది, సెకండరీ, తర్వాత నార్మల్ మౌస్ సీరమ్‌తో బ్లాక్, ఆఖర్న మిగతా మూడూ.