కుందేలు బాక్సులోకి వస్తోంది, తలుపు మూస్తే మాత్రం భయపడుతోంది. ఏం చేయాలి?

మా బుజ్జికి ఏడాదిన్నర. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాల్సిన ప్రతిసారీ ఎత్తి బాక్సులో పెట్టేదాన్ని, అది వెనక కాళ్లతో గట్టిగా తన్నుకునేది. అలా తన్నుకుంటే కుందేళ్లకు వెన్నెముక విరిగే ప్రమాదం కూడా ఉందని తెలిశాక భయమేసి ఎత్తడం మానేశాను. ఇంట్లో పెద్దవాళ్లు చెవులు పట్టుకుని లేపెయ్ అంటారు, అది మాత్రం చచ్చినా చేయను.

ఇప్పుడు తనంతట తానే వెళ్లేలా నేర్పుతున్నాను. సరిగ్గా చేసిందని తెలియజెప్పడానికి నొక్కే క్లిక్కర్ అనే చిన్న పరికరం చప్పుడుకి ఉలిక్కిపడింది, అందుకని నాలుకతో టక్కుమని శబ్దం చేసి ఆ వెంటనే కొత్తిమీర రెబ్బ ఇస్తున్నాను, రోజుకు రెండుసార్లు, ఐదేసి నిమిషాలు. మూడు వారాల్లో పిలవగానే లోపలికి వెళ్లి కూర్చోవడం నేర్చుకుంది, ఎంత సంతోషమేసిందో!

కానీ తలుపు సగం మూయగానే వెనక కాలితో నేల దబ్‌మని కొట్టి బయటికి దూకేస్తుంది, ఆ తర్వాత గంటసేపు కొత్తిమీర చూపించినా దగ్గరికి రాదు. నేనే తొందరపడ్డానా? కొన్నాళ్లు తలుపు ఊడదీసి మళ్లీ మొదలుపెట్టాలా, లేక తలుపు కొంచెం కదిపిన ప్రతిసారీ ఏదైనా ఇవ్వాలా? అరటిపండంటే ప్రాణం, కానీ తీపి ఎక్కువైతే కడుపు పాడవుతుందని గోరంత ముక్క కూడా ఇవ్వడానికి జంకుతున్నాను. వచ్చే నెల డాక్టర్‌కి దాని పళ్లు చూపించాలి, ఆలోపు అవుతుందా అని టెన్షన్‌గా ఉంది. కుందేళ్లకు ఇలా నేర్పినవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి.