బెర్లిన్ డిఫెన్స్ చెస్‌ని చప్పగా మార్చేసిందా?

మొదటి పోస్ట్
పెద్ద టోర్నీలో బెర్లిన్ డిఫెన్స్ (నల్ల పావుల వాళ్లు ఎంచుకునే ఒక ఓపెనింగ్, అంటే ఆట మొదట్లో ఆడే ఎత్తుల వరుస) కనబడితే నేను గేమ్ చూడటం మానేస్తున్నాను. ఎనిమిదో ఎత్తుకే క్వీన్లు పోతాయి, ఆపైన డ్రా కోసం ఎదురుచూడటమే. 2000లో లండన్‌లో క్రామ్నిక్ దీన్ని పట్టుకునే కాస్పరోవ్ దగ్గర ప్రపంచ ఛాంపియన్ టైటిల్ తీసుకున్నాడు. నాలుగు బెర్లిన్ గేములు, నాలుగూ డ్రా.

జవాబు
లెక్క నిజమే. కానీ ఆ మ్యాచ్‌లో క్రామ్నిక్ గెలిచింది రెండో గేమ్, పదో గేమ్. రెండూ తెల్ల పావులతోనే. కాస్పరోవ్‌కి ఇష్టమైన దాడి ఆట చేతికందకుండా చేయడమే బెర్లిన్ చేసిన పని. అది కూడా గొప్ప చెస్సే కదా!

క్వీన్లు పోగానే ఆట అయిపోయిందనుకోవడం దగ్గరే పొరపాటు. అప్పుడు బోర్డు ఒక్కసారి చూడండి. నల్ల రాజు డీ8 గడిలో ఉంటాడు, ఇక కాస్లింగ్ (రాజుని రూక్ పక్కకి చేర్చి భద్రం చేసే ఎత్తు) లేదు. సీ వరుసలో బంటు వెనక బంటు. రాజు వైపు తెలుపుకి నాలుగు బంట్లుంటే నలుపుకి మూడే, కాబట్టి పావులన్నీ మార్చుకుని బంట్లే మిగిలితే సాధారణంగా తెలుపుదే గెలుపు. వీటన్నిటికీ బదులుగా నలుపుకి దక్కేది బిషప్‌ల జంట, అంటే రెండు బిషప్‌లూ చేతిలో ఉండటం. ఏ పావు మార్చుకోవాలి, ఏది అట్టే పెట్టుకోవాలి అన్న టెన్షన్ చివరిదాకా వదలదు.

2014లో సోచీలో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్ మ్యాచ్‌లో పదకొండో గేమ్ తీసుకోండి, అదీ బెర్లినే. కార్ల్‌సెన్ ఒక పాయింట్ ముందున్నాడు. ఆనంద్‌వి నల్ల పావులు. 23వ ఎత్తులో బీ5 అని బంటు తోశాడు. ఎంత ధైర్యమో! అప్పటిదాకా నిదానంగా ఉన్న ఆట ఒక్కసారిగా వేడెక్కింది. నాలుగు ఎత్తుల తర్వాత రూక్‌ని బీ4లో పెట్టి బిషప్‌కి వదిలేశాడు. ఆట చేజారింది అక్కడే. 45 ఎత్తుల్లో గేమ్, దాంతోపాటే మ్యాచ్ కూడా ముగిసింది. ఆ బీ5 దగ్గర ఆగి నేను ఎన్నిసార్లు ఆడి చూసుకున్నానో. దీన్ని చప్పటి ఆట అంటే మనసు ఒప్పుకోదు.

మొదటి పోస్ట్ రాసినవారు
గొప్ప గేమే, కాదనను. కానీ అక్కడా ఓడింది నలుపే. ఒక్క గేమ్ చూపించి ఓపెనింగ్ మొత్తాన్ని వెనకేసుకొస్తే ఎలా? లండన్ పదమూడో గేమ్ 14 ఎత్తులకే డ్రా అయింది. అది చూడ్డానికి ఎవరు కూర్చుంటారు?

జవాబు
ఆ 14 ఎత్తుల గేమ్ నాకూ నచ్చదండి. కానీ ఇద్దరూ ఒప్పుకుంటేనే డ్రా అవుతుంది, ఆ తప్పు ఓపెనింగ్‌ది కాదు. క్వీన్లు మార్చుకోవడం ఇష్టం లేని తెలుపు నాలుగో ఎత్తులో కాస్లింగ్ మానేసి డీ3 ఆడొచ్చు. ఇప్పుడు చాలామంది ఆడుతున్నది అదే.