రోడ్ కింగ్ రైడర్ బ్యాక్‌రెస్ట్ రాడ్ వంగి వెల్డు చీలింది: ఏది కొనాలి, ఎలా బిగించాలి?

బేగంపేట_క్రూజర్

అందరికీ నమస్కారం. బండి 2013 హార్లీ రోడ్ కింగ్, సెకండ్ హ్యాండ్. సీటు కంపెనీదే, ఇద్దరు కూర్చునే సింగిల్ పీస్. ముందు ఓనరు రైడర్ బ్యాక్‌రెస్ట్ పెట్టించాడు. సీటు మీదుగా అడ్డంగా ఒక బ్రాకెట్, మధ్యలో సాకెట్, అందులోకి దిగే 12 ఎంఎం రాడ్, పైన ప్యాడ్. ఇప్పుడు రాడ్ సాకెట్ అంచు దగ్గర వెనక్కి వంగింది, సాకెట్ అడుగు వెల్డు సగం చీలింది. ప్యాడ్‌కి ఏమీ కాలేదు. ఎక్కడా కంపెనీ పేరు లేదు, పార్ట్ నంబరూ లేదు.

ఆన్‌లైన్‌లో "హార్లీ టూరింగ్‌కి సరిపోతుంది" అని చాలా కనిపిస్తున్నాయి. ప్యాడ్, రాడ్ వరకే మారిస్తే సరిపోతుందా, మొత్తం సెట్ కొనాలా? లేక ఇక్కడే వెల్డ్ చేయించి వాడుకోవచ్చా? బిగించేటప్పుడు చూసుకోవాల్సినవి కూడా చెప్పండి. వెనక మా ఆవిడ కూర్చుంటుంది, కాబట్టి ఆ సీటులో చోటు తగ్గకూడదు.

---

సూతుబోల్టు

ప్యాడ్ గురించి ఆఖర్న ఆలోచించండి. ముందు బ్రాకెట్ ఏ రకమో తేలాలి.

హార్లీ టూరింగ్ బండ్లకి 2009లో ఫ్రేము మారింది. 1997 నుంచి 2008 దాకా వచ్చిన బండ్ల బ్రాకెట్లు మీ దానికి కూర్చోవు. అమ్మేవాడు "టూరింగ్" అని మాత్రమే రాసి సంవత్సరం రాయకపోతే ఆ సరుకు వదిలేయండి. మీకు కావలసింది "2009 తర్వాత" అని స్పష్టంగా ఉన్నది.

అమ్మకానికి ఉన్నవాటిని మూడు రకాలుగా చూడొచ్చు. ఒకటి, మీ దానిలాగా సీటును చుట్టుకుని రెండు పక్కలా కిందికి దిగి బిగిసేది. కంపెనీ సీటుకి ఇదే సులువు, సీటు కోయక్కర్లేదు. రెండోది, సీటు మధ్యలో చీలిక ఉంటే అందులోంచి పైకి వచ్చేది. మీ సీటుకి చీలిక లేదు, కాబట్టి ఇది కుదరదు. మూడోది, సీటు అడుగు పలకలోనే సాకెట్ ఉండేది. మస్టాంగ్, కార్బిన్ సీట్లు ఈ పద్ధతిలో దొరుకుతాయి, కానీ సీటు మొత్తం కొనాలి. ఒకరి రాడ్ ఇంకొకరి సాకెట్‌లో సరిపోతుందని అనుకోకండి.

ఇంకొకటి. హార్లీ వాళ్ల సొంత సామానులో మౌంటింగ్ కిట్ వేరు, ప్యాడ్ వేరు. ధర తక్కువ ఉందని కిట్ తెప్పించుకుంటే పెట్టెలో ఇనుము మాత్రమే వస్తుంది. ఆర్డరు పెట్టేముందు రెండూ ఉన్నాయో లేదో చదువుకోండి.

బోల్టుల సంగతి. హార్లీలో చాలావరకు ఇంచు సైజులే. సీటు వెనక ఫెండర్ మీదున్న స్క్రూ 1/4-20, అంటే పావు ఇంచు లావు, ఇంచుకి 20 త్రెడ్లు. మన మెకానిక్ చేతికి అందిన ఎం6 పెడతాడు. రెండు మూడు చుట్లు వదులుగా వెళ్తుంది, తర్వాత త్రెడ్లు కొరికేస్తుంది. 5/16-18 ఉన్నచోట ఎం8 కూడా అంతే. లావు దాదాపు ఒకటే, 7.94కి 8 ఎంఎం, కానీ పిచ్ (త్రెడ్‌కీ త్రెడ్‌కీ మధ్య దూరం) 1.41కి 1.25. ఒకటి రెండు చుట్లకే పట్టేస్తుంది. బలవంతం చేస్తే త్రెడ్ పోతుంది. రాణీగంజ్ హార్డ్‌వేర్ షాపుల్లో "రెండు సూతులు, యూఎన్‌సీ" అంటే 1/4, "రెండున్నర సూతు" అంటే 5/16 ఇస్తారు (సూతు అంటే ఇంచులో ఎనిమిదో వంతు, యూఎన్‌సీ అంటే ఇంచు కొలతల ముతక త్రెడ్). బ్రాకెట్‌కి గ్రేడ్ 5కి తగ్గకుండా తీసుకోండి, తల మీద మూడు గీతలు ఉంటాయి. ఆరు ఉంటే గ్రేడ్ 8.

---

ఆటోనగర్_ఫ్యాబ్రికేషన్

చీలిన వెల్డు మీద ఇంకో వెల్డు కొట్టించకండి. తప్పు వెల్డర్‌ది కాదు, రాడ్ సైజుది.

సాకెట్ అంచు నుంచి ప్యాడ్ మధ్య దాకా 25 సెంటీమీటర్లు అనుకుందాం. గట్టిగా వెనక్కి ఆనినా, గుంతలో పడి లేచినా, 30 కిలోల తోపు సులువుగా వస్తుంది. అంటే రాడ్ మొదట్లో దాదాపు 75 న్యూటన్ మీటర్ల వంపు. 12 ఎంఎం రాడ్‌లో అది 440 ఎంపీఏ ఒత్తిడి. మామూలు మైల్డ్ స్టీలు 250 దగ్గరే వంగిపోతుంది. అందుకే మీ రాడ్ వంగింది. వంగిన రాడ్ సాకెట్‌ని పక్కకి పెకలిస్తుంటే అడుగు వెల్డు చీలింది. అదే రాడ్ 16 ఎంఎం అయితే ఒత్తిడి 190 లోపే ఉంటుంది. నాలుగు ఎంఎం పెరిగితే బలం రెట్టింపు దాటుతుంది.

ఆన్‌లైన్‌లో చవకగా దొరికేవాటిలో పట్టీ రకం ఉంటుంది, 25 ఎంఎం వెడల్పు, 5 ఎంఎం మందం. అది ఇంకా బలహీనం, 12 ఎంఎం రాడ్‌కన్నా. పట్టీయే కావాలంటే 40 × 8 తీసుకోండి.

కొత్తగా చేయించాలంటే ఇలా చెప్పండి:

అడ్డ బ్రాకెట్ 6 ఎంఎం ప్లేటు. మూలల్లో వంపు లోపలి రేడియస్ కనీసం 6 ఎంఎం ఉండాలి, పదును వంపు పెడితే అక్కడే పగులు మొదలవుతుంది. సాకెట్‌కి మందపాటి పైపు, లోతు 60 ఎంఎం. సాకెట్ బ్రాకెట్‌ని కలిసేచోట ముందూ వెనకా తలో త్రికోణం ముక్క పెట్టి మిగ్ వెల్డ్. రాడ్ చివర సాకెట్ లోపలే ఆగాలి, కిందికి పొడుచుకు వస్తే సీటు రెగ్జిన్ చిరుగుతుంది. బ్రాకెట్ కింద రెండు ఎంఎం రబ్బరు షీటు.

పాత బ్రాకెట్‌నే వాడదామంటే, అది క్రోమ్ అయితే వెల్డ్ చేసేచోట క్రోమ్ పూర్తిగా గ్రైండ్ చేయాలి. చేయకపోతే వెల్డు సరిగా పట్టదు, పైగా ఆ పొగ విషం. స్టీల్ అంటే స్టెయిన్‌లెస్ అయ్యుంటే మైల్డ్ స్టీలుతో అతకడానికి 309 వెల్డింగ్ రాడ్ కావాలి, మామూలు వెల్డింగ్ రాడ్ వద్దు. ఏ పనైనా బ్రాకెట్ విప్పి బల్ల మీద చేయాలి. బండి మీద ఉండగా వెల్డింగ్ పెట్టించుకుంటే ఈసీఎం (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) బతుకుతుందన్న గ్యారంటీ లేదు.

పెయింట్‌కి పౌడర్ కోటింగ్ చాలు. సాకెట్ లోపల మాస్క్ చేయమనండి, లేకపోతే రాడ్ దిగదు.

---

డాలస్_రైడర్_గారు

ఇక్కడ అమెరికాలో ఈ బండికి పాత బ్యాక్‌రెస్టులు చాలా తిరుగుతుంటాయి. సీటు మార్చినవాళ్లు పాతది అమ్మేస్తారు. అక్కడికి ఎవరైనా వస్తుంటే తెప్పించుకోవచ్చు, బ్రాకెట్ చెక్‌ఇన్ సూట్‌కేసులో పట్టేస్తుంది. పాతది కొనేటప్పుడు నాలుగు ఫోటోలు అడగండి: సాకెట్ కింది నుంచి, రాడ్ మొదలు, యాంగిల్ సర్దే నాబ్ దగ్గరి పళ్లు, బోల్టు రంధ్రాలు. రంధ్రాలు కోలగా సాగి ఉంటే వదులుగా తిరిగిన సరుకు. బోల్టులు, స్పేసర్లు ఉన్నాయా అని తప్పకుండా రాయించుకోండి. స్పేసర్ ఒకటి తక్కువైతే సైడ్ కవర్ మూతపడదు.

ఫ్యాబ్రికేషన్ గారి 16 ఎంఎం మాటకి చిన్న సవరణ. కంపెనీ కిట్లలో అంతకన్నా సన్నగా కనిపించొచ్చు, అక్కడ వాడే స్టీలు వేరు. లోకల్‌గా చేయించేదానికి మాత్రం ఆయన లెక్కే సరి.

---

ఘాట్‌రోడ్_గురువు

ఇక బిగించడం.

సెంటర్ స్టాండ్ లేని బండి, సమతల నేల మీద జిఫ్ఫీ స్టాండ్ (సైడ్ స్టాండ్) మీదే నిలపండి. ఫెండర్ మీది స్క్రూ తీసి, సీటు వెనక భాగం లేపి వెనక్కి లాగితే ముందు నాలుక ఊడుతుంది. పక్కల పట్టీ ఉంటే దాని స్క్రూలు ముందే తీయాలి. సీటు కింద బ్యాటరీ ఉంటుంది. బ్రాకెట్ ఇనుము బ్యాటరీ ప్లస్ టెర్మినల్‌కి తగిలితే నిప్పులే, కాబట్టి బ్యాటరీ నెగెటివ్ కేబుల్ విప్పి, ప్లస్ టెర్మినల్ మీద రబ్బరు టోపీ ఉందో లేదో చూడండి.

బ్రాకెట్ బోల్టులన్నీ ముందు చేత్తో నాలుగేసి చుట్లు ఎక్కించి వదిలేయండి. ఒక పక్క పూర్తిగా బిగిస్తే రెండో పక్క రంధ్రం కలవదు, కలిపినా బ్రాకెట్ మెలితిరిగి ఉంటుంది. సీటు పెట్టి చూసి, బ్రాకెట్ రెండు పక్కలా ఒకే ఎత్తులో ఉందని తేలాక సీటు తీసి బిగించండి. బ్లూ థ్రెడ్‌లాకర్ (బోల్టు వదులు కాకుండా పట్టే జిగురు), ఒక్కో బోల్టుకి ఒకటి రెండు చుక్కలు. రెడ్ వద్దు, తర్వాత వేడి చేస్తే తప్ప రాదు. టార్క్ కిట్ కాగితంలో ఉన్నదే, కాగితం లేకపోతే 5/16కి 20 న్యూటన్ మీటర్ల దగ్గర ఆపండి.

సీటు మళ్లీ పెట్టేటప్పుడు వైర్లు నలగకుండా చూసుకుని, నాలుక దిగాక సీటును పైకి లాగి చూడండి. లేచిందంటే నాలుక పట్టలేదన్నమాట. ఫెండర్ స్క్రూకి 2 నుంచి 4 న్యూటన్ మీటర్లు చాలు. దాన్ని బలం కొద్దీ తిప్పితే కింద నట్టు పోతుంది, ఆ నట్టు విడిగా మార్చుకోవచ్చు గానీ అనవసరపు పని.

ప్యాడ్ ఎత్తు: కింది అంచు సీటు మీంచి 10–12 సెంటీమీటర్ల దగ్గర మొదలుపెట్టి, నడుము లోపలికి వంగేచోట ప్యాడ్ మధ్య ఆనేలా సర్దండి. భుజాలకి తగిలేంత ఎత్తు పెడితే వెనక కూర్చున్నవాళ్ల ఛాతీకి తగులుతుంది. ముందూ వెనకా సర్దేటప్పుడు మీరు రోజూ వేసుకునే జాకెట్ వేసుకునే కూర్చోండి, బ్యాక్ ప్రొటెక్టర్ మందమే ఒకటి రెండు సెంటీమీటర్లు ఉంటుంది. హ్యాండిల్ పూర్తిగా ఎడమకి, తర్వాత కుడికి తిప్పండి. వీపు ప్యాడ్‌ని వదలకుండానే బయటి చెయ్యి గ్రిప్ అందుకోవాలి. అందకపోతే ప్యాడ్ వెనక ఉంది. మోచేతులు పక్కటెముకలకి గుచ్చుకుంటే ముందుంది.

బండి నడిపేటప్పుడు ప్యాడ్ తేలిగ్గా తగలాలి, నొక్కకూడదు. నొక్కుతుంటే స్పీడ్ బ్రేకర్ దెబ్బ నేరుగా వెన్నెముకకి వస్తుంది.

మీ ఆవిడ విషయం: ప్యాడ్ మందం, వెనక బ్రాకెట్ కలిపి ఆవిడ మోకాళ్ల ముందున్న చోటు తింటాయి. మూడంగుళాల ప్యాడ్ కాకుండా రెండంగుళాలది తీసుకోండి, వెనక వైపు కూడా రెగ్జిన్ మూసి ఉన్నది చూడండి. ఇనుము బయటికి కనిపించేది వద్దు. ఎక్కేటప్పుడు ప్యాడ్ ముందుకి మడిచే రకమైతే కాలు వెయ్యడం సులువు. ప్యాడ్ తీసి ఉత్త రాడ్ మిగిల్చి ఎప్పుడూ నడపకండి.

---

బేగంపేట_క్రూజర్

చాలా థ్యాంక్స్. ఫ్యాబ్రికేషన్ గారు చెప్పినట్టు 16 ఎంఎంతో చేయిస్తాను. ప్యాడ్ అడుగున ఉన్నది ప్లైవుడ్, బోల్టు పట్టుకునేచోట కాస్త పొడిపొడిగా ఉంది. అదే వాడొచ్చా? సాకెట్‌లో రాడ్‌కి ఎంత వదులు ఉంచాలి?

---

ఆటోనగర్_ఫ్యాబ్రికేషన్

పొడి అవుతున్న ప్లైవుడ్ వద్దు తమ్ముడూ. కుట్టు రంధ్రాల్లోంచి వాన నీరు దిగి అది ఉబ్బింది, స్క్రూ పట్టు పోతుంది. 12 ఎంఎం మెరైన్ ప్లై కోయించి, ఫోమ్ వైపు నుంచి నాలుగు టీ-నట్లు (చెక్కలో దిగి పట్టుకునే పళ్ల నట్లు) దిగ్గొట్టండి. పాత ఫోమ్ గట్టిగానే ఉంటే అదే వాడండి, మెత్తబడి ఉంటే గట్టి హెచ్‌ఆర్ ఫోమ్ (త్వరగా అణగిపోని రకం) 1 అంగుళం, పైన అర అంగుళం మెత్తనిది. రెగ్జిన్ కుట్టేవాడికి కుట్టు ప్యాడ్ పై అంచు మీద రాకుండా వెనక్కి తిప్పమనండి, నీళ్లు లోపలికి దిగే దారి అక్కడే.

వదులు సంగతి: 60 ఎంఎం లోతు సాకెట్‌లో అర ఎంఎం ఆట ఉంటే ప్యాడ్ దగ్గర అది రెండు ఎంఎం పైనే అవుతుంది, టకటకమని వినిపిస్తుంది. లేత్ షాపులో నైలాన్ బుష్ తిప్పించి సాకెట్‌లో నొక్కించండి, రాడ్ చేత్తో నెడితే దిగేంత బిగువు చాలు. రబ్బరు గొట్టం పెడితే వారంలో నలిగిపోతుంది. రాడ్ తిరగకుండా, పైకి లేవకుండా సాకెట్‌కి అడ్డంగా ఒక ఆర్-క్లిప్ (ఆర్ ఆకారంలో ఉండే స్ప్రింగ్ పిన్ను) రంధ్రం వేయించండి. ఆ రంధ్రం రాడ్ కింది చివర దగ్గర ఉండాలి, సాకెట్ అంచు దగ్గర కాదు. వంపు ఎక్కువుండే చోట రంధ్రం పెడితే మళ్లీ అక్కడే విరుగుతుంది.