సీఆర్‌ఎంలో మెయిల్ సింక్ ఆగిపోతే తప్పు సాఫ్ట్‌వేర్‌దా, వాడేవాళ్లదా?

గుంటూరు_ఎగుమతి:
మాది మిర్చి ఎగుమతి. సేల్స్‌లో పన్నెండు మంది. అందరి ఆఫీసు మెయిళ్లూ (జీమెయిలే, మా డొమైన్‌తో) సీఆర్‌ఎంకి, అంటే కస్టమర్ల వివరాలూ మెయిళ్లూ ఒకచోట చూపించే సాఫ్ట్‌వేర్‌కి, కలిపాం. పది రోజులుగా నలుగురి మెయిళ్లు అందులోకి రావట్లేదు. స్క్రీన్ మీద మాత్రం 'కనెక్టెడ్' అనే చూపిస్తోంది. మలేషియా పార్టీ రేటు అడుగుతూ మెయిల్ పెట్టాడు. ఆ పార్టీని చూసే అబ్బాయి సెలవులో ఉన్నాడు. కస్టమర్ పేజీలో కనపడితే ఇంకొకరు జవాబిచ్చేవాళ్లు. కనపడలేదు, ఒక కంటైనర్ ఆర్డర్ పోయింది. ఫోన్ చేస్తే 'పాస్‌వర్డ్ మార్చారా' అంటారు తప్ప ఇంకో మాట లేదు. ఇది ముమ్మాటికీ సాఫ్ట్‌వేర్ వాళ్ల తప్పే. కాదనేవాళ్లు ఉంటే చెప్పండి.

అడ్మిన్_సుధ:
వాళ్లు అడిగిన ప్రశ్న సరైనదేనండి. జీమెయిల్ చదవడానికి సీఆర్‌ఎంకి ఇచ్చిన అనుమతి టోకెన్ (పాస్‌వర్డ్ బదులు వాడే తాళంచెవి లాంటిది), ఖాతా పాస్‌వర్డ్ మార్చగానే రద్దవుతుంది. అది గూగుల్ నియమం. ఆ నలుగురూ మళ్లీ లాగిన్ అయి అనుమతి ఇవ్వాలి. ఖాతాను సీఆర్‌ఎంలోంచి పూర్తిగా తీసేయకండి, కొన్నింట్లో పాత మెయిళ్లు కూడా పోతాయి. తెగిపోయాక కూడా 'కనెక్టెడ్' అని చూపించడం మాత్రం వాళ్ల తప్పే.

కాకినాడ_రావు:
స్పామ్ ఫోల్డర్ చూశారా?

బాలానగర్_పంపులు:
ఈ టోకెన్ల గోలే వద్దు. యాప్ పాస్‌వర్డ్ తీసుకోండి, వేరే సాఫ్ట్‌వేర్ కోసం గూగుల్ విడిగా ఇచ్చేది, పదహారు అక్షరాలు. దాంతో ఐమ్యాప్ (వేరే సాఫ్ట్‌వేర్ మెయిళ్లు తెచ్చుకునే పద్ధతి) పెట్టండి, పోర్ట్ 993. మా దగ్గర రెండేళ్లుగా ఒక్కసారి ఆగలేదు.

అడ్మిన్_సుధ:
మీ దగ్గర ఎవరూ పాస్‌వర్డ్ మార్చి ఉండరు. మారిస్తే గూగుల్ యాప్ పాస్‌వర్డ్‌లు కూడా రద్దవుతాయి. పైగా మైక్రోసాఫ్ట్ వాడేవాళ్లకు ఈ దారి లేదు. 2022 అక్టోబరు నుంచి వాళ్ల ఆఫీసు మెయిల్ సేవ ఎక్స్‌ఛేంజ్ ఆన్‌లైన్‌లో మామూలు పాస్‌వర్డ్‌తో ఐమ్యాప్ లాగిన్లు ఆపేస్తూ వచ్చారు.

బాలానగర్_పంపులు:
ఆయన వాడేది జీమెయిల్ అమ్మా. మైక్రోసాఫ్ట్ ఎందుకు మధ్యలో?

డల్లాస్_కిరణ్:
ఇంకోటి చూడండి. చాలా సీఆర్‌ఎంలు మెయిల్ ఐడీని బట్టే కస్టమర్‌కి జత చేస్తాయి. పార్టీ వేరే ఐడీ నుంచి రాస్తే సింక్ బాగున్నా పేజీలో కనపడదు.

గుంటూరు_ఎగుమతి:
ఐడీ అదే. స్పామ్‌లో లేదు. ఇద్దరు పాస్‌వర్డ్ మార్చారట, మళ్లీ కలిపాం, వస్తున్నాయి. మిగతా ఇద్దరూ మార్చలేదు. గూగుల్ ఖాతాలోకి వెళ్లి సీఆర్‌ఎంకి ఇచ్చిన అనుమతిని వాళ్లే తీసేశారు! సెలవులో ఉన్న అబ్బాయి ఒకడు. చెప్పకుండా చేశారు. ఇది మోసం కాదా?

బాలానగర్_పంపులు:
గూగుల్ అడ్మిన్ కన్సోల్ (కంపెనీ ఖాతాలన్నీ నడిపే పేజీ) నుంచి మొత్తం డొమైన్‌కి ఒకేసారి అనుమతి ఇచ్చేయండి. మీ సీఆర్‌ఎం అది ఒప్పుకుంటే ఇక ఉద్యోగి తీసేయలేడు.

నెల్లూరు_సేల్స్:
బాలానగర్ గారూ, తలుపుకి బయట గడియ పెట్టమంటున్నారు మీరు. నేనూ మా ఆఫీసులో అనుమతి తీసేశాను. ఎందుకో చెప్తాను. మా కస్టమర్లలో ఒక ఆసుపత్రి ఉంది. మా అమ్మకు వైద్యం అక్కడే. ఆవిడ రిపోర్టులు నా ఆఫీసు మెయిల్‌కి వచ్చాయి. ఆ ఆసుపత్రి పేజీలో అవన్నీ ఎక్కాయి. మర్నాడు టీ దగ్గర ముగ్గురు 'అమ్మకి క్యాన్సరటగా' అని అడిగారు. అప్పటికి మా చెల్లికే చెప్పలేదు నేను.

గుంటూరు_ఎగుమతి:
అమ్మగారి విషయం బాధాకరమే. కానీ ఆఫీసు మెయిల్‌కి ఇంటి రిపోర్టులు ఎందుకు తెప్పించుకున్నారు? ఐడీ కంపెనీది, జీతం కంపెనీది. రెండేళ్ల క్రితం మా మేనేజర్ వెళ్తూ మెయిళ్లన్నీ చెరిపేసి ఏడుగురు పార్టీలను తీసుకుపోయాడు. మా నాన్న కాలం నుంచి ఉన్న పార్టీలు. సీఆర్‌ఎం కొన్నదే అందుకు.

నెల్లూరు_సేల్స్:
అదీ అసలు సంగతి. మమ్మల్ని నమ్మక కొన్నారు. కొన్నప్పుడు ఆ మాట వాళ్లకు చెప్పారా?

గుంటూరు_ఎగుమతి:
చెప్పేదేముంది? అందరికీ తెలిసిందే.

అడ్మిన్_సుధ:
తెలియదండి. 'అనుమతించు' నొక్కేటప్పుడు ఎవరూ చదవరు. మా దగ్గర కొత్త ఎంక్వైరీలన్నీ ఒకే ఉమ్మడి ఐడీకి వస్తాయి, అది పూర్తిగా సింక్ అవుతుంది. సొంత ఐడీల మెయిళ్లు డిఫాల్ట్‌గా ప్రైవేటు, ఉద్యోగి షేర్ చేస్తేనే మిగతావాళ్లకు కనపడతాయి. లేదంటే సీఆర్‌ఎం ఇచ్చే ఐడీని జవాబులో బీసీసీలో (అవతలివాళ్లకు కనపడని కాపీ) పెడతారు, ఆ ఒక్క మెయిలే ఎక్కుతుంది. వెళ్లేవాళ్లు చెరిపేస్తారన్న భయానికి గూగుల్ వాల్ట్ ఉంది, అందులో రిటెన్షన్ పెట్టుకోవచ్చు, అంటే ఉద్యోగి చెరిపేసినా మెయిళ్లు ఉండేలా. దానికి సీఆర్‌ఎం అక్కర్లేదు.

బాలానగర్_పంపులు:
బీసీసీ ఎవరు గుర్తు పెట్టుకుంటారు? సగం మెయిళ్లు ఎక్కవు.

డల్లాస్_కిరణ్:
వాల్ట్ అన్ని ప్లాన్లలో రాదు, చూసుకోండి.

గుంటూరు_ఎగుమతి:
ఉమ్మడి ఐడీ సోమవారం పెడతాను. ఆ ఇద్దరితోనూ కూర్చుని మాట్లాడతాను. పాత పార్టీల మెయిళ్లు మాత్రం నాకు కనపడాల్సిందే, అందులో తగ్గను.

నెల్లూరు_సేల్స్:
పార్టీల మెయిళ్లు చూడండి, ఎవరు కాదన్నారు. ఏవి చూస్తారో ముందు వాళ్లకు చెప్పి చూడండి.