నీళ్లలోకి దింపితేనే ఆర్‌సీ బోటు సిగ్నల్ తెగుతోంది, ఎందుకు?

నా దగ్గర బ్రష్‌లెస్ మోటారు ఉన్న చిన్న ఆర్‌సీ (రిమోట్‌తో నడిచే) బోటు ఉంది. రేడియో 2.4 గిగాహెర్ట్జ్‌ది. నేల మీద పెట్టి ఎంత దూరం వెళ్లినా సర్వో (చుక్కానిని తిప్పే చిన్న మోటారు) చక్కగా తిరుగుతుంది. అదే చెరువులో వదిలితే, సగం దూరం కూడా పోకముందే చుక్కాని ఒక్క క్షణం బిగుసుకుపోయి, మళ్లీ ఉలిక్కిపడ్డట్టు కదులుతుంది.

రిసీవర్ అడుగున, బ్యాటరీ పక్కనే ఉంది. యాంటెన్నా చివర పైతొడుగు లేని తీగ 3 సెంటీమీటర్లే, అదీ నీటిమట్టానికి కాస్త కిందే ఉంది. ఈ ఫ్రీక్వెన్సీని నీళ్లు బాగా పీల్చేస్తాయి కాబట్టి నా మొదటి అనుమానం దానిమీదే. ప్లాస్టిక్ గొట్టంలో దూర్చి డెక్ పైన నిలువుగా నిలబెడితే సరిపోతుందా? నీటి మీద పడి తిరిగొచ్చే తరంగాల సంగతేంటి, ట్రాన్స్‌మిటర్ ఇంకా ఎత్తులో పట్టుకోవాలా?

ఇంకో చిక్కు ఏంటంటే, ఫుల్ థ్రాటిల్‌లోనే ఇది ఎక్కువ. ప్రొపెల్లర్‌కి లోడు పడి, బీఈసీ (రిసీవర్‌కి కరెంటు అందించే సర్క్యూట్) వోల్టేజీ తగ్గి రిసీవర్ రీస్టార్ట్ అవుతోందేమో! సిగ్నల్ సమస్యా, కరెంటు సమస్యా అన్నది విడదీసి తేల్చుకునే పద్ధతి ఏదైనా ఉంటే చెప్పండి. ఫెయిల్‌సేఫ్‌లో (సిగ్నల్ పోతే బోటు ఏం చేయాలో ముందే పెట్టుకునే సెట్టింగ్) మోటారు ఆగేలా పెట్టాను గానీ, నడిమధ్యలో ఆగితే తెచ్చేదెవరని ఒకటే టెన్షన్.