మహమ్మారి మళ్లీ వస్తే నొప్పి రోగుల ఓపీ ఆపేయడం సబబేనా?

గోపాలపట్నం వాసి:
2020 లాక్‌డౌన్ మాట వస్తే ఆక్సిజన్, బెడ్లు, వలస కూలీలు గుర్తొస్తారు. రావాలి కూడా. ఏళ్ల తరబడి కీళ్ల నొప్పులు, నడుం నొప్పితో బతుకుతున్నవాళ్ల ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. మన విశాఖలోనూ అంతే. అత్యవసరం కాని ఓపీలు ఆగాయి, ఫిజియోథెరపీ సెంటర్లు మూతపడ్డాయి, బస్సుల్లేవు, ఆటోల్లేవు. "ప్రాణం మీదికొచ్చిందేం కాదు కదా, ఓర్చుకోండి" అన్నారు. రేపు ఇంకోటి వస్తే మళ్లీ ఇదేనా? నా మటుకు ఇది అన్యాయం.

నాకు రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే కీళ్లవాతం. పొద్దున లేచాక గంటకు పైగా వేళ్లు బిగుసుకుపోయి ఉంటాయి. మాత్రల షీటు చింపడానికి కత్తెర కావాలి. శానిటైజర్ పంపు మోచేత్తో నొక్కేదాన్ని. కూరగాయలు దొరికేది సరిగ్గా ఆ పొద్దుటి పూటే. రైతుబజారులో ముగ్గుతో గీసిన గుండ్రంలో నిలబడి, ముందు మనిషి ఎప్పుడు కదులుతాడా అని చూసేదాన్ని.

పైగా మాలో చాలామంది రోజూ వేసుకునే హైడ్రాక్సీక్లోరోక్విన్‌ను ఆ మార్చిలోనే కేంద్ర వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) కోవిడ్ రాకుండా వైద్య సిబ్బందికి సిఫార్సు చేసింది. జనం ఎగబడి కొని దాచుకున్నారు. ప్రభుత్వం దాన్ని డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడని మందుల జాబితా షెడ్యూల్ హెచ్1లో పెట్టేసరికే మా వీధి మందుల షాపులో స్టాకు అయిపోయింది. ఆసుపత్రిలో చేరిన కోవిడ్ రోగులకు దానివల్ల మేలు లేదని జూన్‌లో బ్రిటన్ పరిశోధన తేల్చింది. ఈలోపు వాచిన కీళ్లు మావి.

కోవిడ్ వార్డు నర్సు:
మీ బాధ కాదనను అక్కా. కానీ ఆ రోజుల్లో వార్డులో ఉన్న మనిషిగా చెబుతున్నా, ఓపీ ఆపడం తప్పు కాదు. మెథోట్రెక్సేట్, స్టెరాయిడ్లు లాంటి రోగనిరోధక శక్తిని తగ్గించే కీళ్లవాతం మందులు వాడేవాళ్లకు ఇన్ఫెక్షన్ ముదిరే ప్రమాదం ఎక్కువ. వాళ్లనే తెచ్చి కిక్కిరిసిన హాల్లో గంటలకొద్దీ కూర్చోబెట్టమంటారా? మన ప్రభుత్వాసుపత్రి విమ్స్‌ను కోవిడ్ ఆసుపత్రిగా మార్చారు. ఎముకల డాక్టర్లకు కూడా కోవిడ్ డ్యూటీలే. ఇక ఓపీ ఎవరు చూస్తారు? ఏప్రిల్‌లో 14410 టెలీమెడిసిన్ పెట్టారు కదా, ఫోన్ చేస్తే డాక్టరు మాట్లాడేవారు.

గోపాలపట్నం వాసి:
14410 మంచి పనే చెల్లీ. కానీ నొప్పి బాగా ముదిరినవాళ్లు వాడే ట్రామడాల్ 2018 నుంచి మత్తుమందుల చట్టం కిందికి వచ్చింది. 2020 మార్చి 25న కేంద్రం ఇచ్చిన టెలీమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం ఆ చట్టం కింద ఉన్న మందులను ఫోన్లో రాయకూడదు. చీటీ కావాలంటే ఆసుపత్రికి వెళ్లాలి, వెళ్తే ఓపీ లేదు. మరి ఆ మనిషి ఏ గుమ్మం తొక్కాలి? దుర్వినియోగం ఆపాలన్నది నిజమే. పాత చీటీ, పాత రికార్డు ఉన్న రోగికైనా దారి ఉంచాలి కదా.

సీతమ్మధార సాఫ్ట్‌వేర్:
నాది నడుం డిస్క్ సమస్య. నాకైతే ఆ ఏడాదే నయం అనిపించింది. మీటింగుల మధ్య పది నిమిషాలు వెల్లకిలా పడుకునేవాణ్ని, ఆఫీసులో అదెక్కడ కుదురుతుంది? డాక్టరుతో వీడియోలో మాట్లాడటం చాలు, ఆసుపత్రి తెరవకపోయినా ఫర్లేదు.

ఫిజియోథెరపిస్టు:
మీకు చాలు, అందరికీ చాలదు. ఫిబ్రవరిలో మోకీలు మార్పిడి చేయించుకున్న పెద్దావిడ సంగతి చూడండి. మొదటి వారాల్లోనే మోకాలు వంచే వ్యాయామం చేయించాలి. ఆ అదను దాటితే కీలు బిగుసుకుపోతుంది, తర్వాత ఎంత కష్టపడినా మునుపటిలా వంగడం గగనమే. వీడియోలో ఆవిడ మనవడు ఫోన్ పట్టుకుంటే మోకాలికి బదులు సీలింగు ఫ్యాను కనిపించేది. పాత నడుం నొప్పిని ఫోన్లో చూడొచ్చు, కొత్త ఆపరేషన్‌ను చూడలేం. రెండింటినీ ఒకే గాటన కట్టి తాళం వేయడమే నా అభ్యంతరం.

కోవిడ్ వార్డు నర్సు:
ఆపరేషన్ కేసుల విషయంలో మీ మాట నిజం, వాళ్లను పిలవాల్సిందే. మామూలు ఓపీకి మాత్రం నేను ఒప్పుకోను. సెకండ్ వేవ్‌లో 2021 మే నెల చూసినవాళ్లెవరూ ఒప్పుకోరు.

గోపాలపట్నం వాసి:
సరే, హాలు మూసుకోండి. మందులైనా ఇంటికి పంపండి. అప్పట్లో 2020 ఫిబ్రవరి నుంచే వాలంటీర్లు ఒకటో తారీఖున పింఛను గుమ్మం దగ్గరికి తెచ్చి ఇచ్చేవారు. అలాగే మా నెల మాత్రలు ఎందుకు తేకూడదు? వార్డు సచివాలయంలో దీర్ఘకాలిక నొప్పి రోగుల జాబితా ఇప్పుడే రాసి పెట్టుకోవాలి, మూడు నెలల చీటీ చెల్లేలా చూడాలి. మహమ్మారి వచ్చాక రాద్దామంటే ఎవరికి తీరుతుంది?

కోవిడ్ వార్డు నర్సు:
మాత్రల వరకు నేనూ మీతోనే అక్కా. ట్రామడాల్ మాత్రం పింఛను తెచ్చే మనిషి చేతికి ఇవ్వడానికి ఒప్పుకోను. దానికి ఏఎన్ఎం సంతకం పెట్టి తేవాలి.

గోపాలపట్నం వాసి:
ఏఎన్ఎం తెచ్చినా మాకు సమ్మతమే.