తుర్కీ పురిటింటి దీవెన: 'అనలి బాబలి బ్యుయుత్‌సున్'

తుర్కియేలో బిడ్డ పుట్టిన ఇంటికి వెళ్ళినవారు 'గ్యోజునుజ్ ఆయ్‌దిన్', అంటే 'మీ కన్నులు వెలుగుగాక' అని తల్లిదండ్రులను అభినందించి, 'అల్లా అనలి బాబలి బ్యుయుత్‌సున్' అని బిడ్డను దీవిస్తారు. ఈ రెండవ వాక్యాన్ని ఇక్కడ చర్చకు పెడుతున్నాను.

'అన' తల్లి, 'బాబ' తండ్రి. 'లి' కలిగి ఉండడాన్ని తెలిపే ప్రత్యయం. 'బ్యుయు' అంటే పెరుగు. దానికి 'త్' చేరితే, మన 'పెరుగు' 'పెంచు' అయినట్లే, సకర్మకమవుతుంది. చివరి 'సున్' మన 'గాక' చేసే పనే చేస్తుంది. తల్లీ తండ్రీ ఉండగా దేవుడు ఈ బిడ్డను పెంచుగాక అని తాత్పర్యం.

మన దీవెనలు ఎక్కువగా బిడ్డ ఆయుష్షును కోరుతాయి. ఇది బిడ్డ కోసం కన్నవారి ఆయుష్షును కోరుతుంది. దీని వెనుక ఉన్న భయమేమిటో 'ఓక్సుజ్' అనే మాట చెబుతుంది. తండ్రిలేని బిడ్డను అరబ్బీ నుంచి వచ్చిన 'యెతీమ్' అనే మాటతోను, తల్లిలేని బిడ్డను 'ఓక్సుజ్' అనే మాటతోను పిలుస్తారు. ప్రాచీన తుర్కీలో 'ఓగ్' అంటే తల్లి. 'సుజ్' లేమిని తెలిపే ప్రత్యయం, అంటే 'లి'కి సరిగ్గా వ్యతిరేకం. తల్లి అనే అర్థంలో 'ఓగ్' నేటి వాడుకలో లేకుండా పోయినా, ఆమె లేని లోటును చెప్పే మాట మాత్రం నిలిచింది.

ఈ దీవెనకు ఆచారం తోడుగా ఉంది. బాలింతను, అంటే 'లోహుసా'ను, నలభై రోజుల పాటు ఒంటరిగా విడువరాదన్నది సంప్రదాయం. చూడవచ్చినవారికి దాల్చినచెక్క, లవంగాలు వేసి కాచిన ఎర్రని షర్బతు ఇస్తారు, వారు పసిబిడ్డ దుస్తులకు బంగారు నాణెం గుచ్చుతారు.

2023 ఫిబ్రవరి 6న కహ్రమన్‌మరాష్ ప్రాంతాన్ని కుదిపిన భూకంపాలలో తుర్కియేలోనే 50 వేల మందికి పైగా మరణించారు. అమ్మనో నాన్ననో పోగొట్టుకున్న పిల్లలను బంధువులు చేరదీసిన ఇంట మరొక బిడ్డ పుట్టినప్పుడు, ఈ వాక్యం లాంఛనప్రాయంగా వినిపించదని నా నమ్మకం.

తెలుగులో 'తల్లిదండ్రుల చల్లని నీడలో' అనే పలుకుబడి సిద్ధంగా ఉన్నా, ఇద్దరూ బతికి ఉండాలన్న 'లి' భావం అందులో పలచబడుతుంది. 'అమ్మానాన్నలతో పెరుగుగాక' అంటే ఆ భావం నిలుస్తుంది కాని, పెంచే దేవుడు తప్పుకుంటాడు. మీ ప్రాంతంలో పురిటింట తల్లినీ తండ్రినీ ఇద్దరినీ పేర్కొనే దీవెన ఉంటే, అది ఏ జిల్లాలో ఏ రూపంలో ఉందో తెలియజేయవలసిందిగా సభ్యులను కోరుతున్నాను.